రెండు నిమిషాల గోడ

ఎదురింటి హుసేన్‌బీ ఖాలా వాళ్ల డాబా మీద పిట్టగోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చొని, నోట్లో కరిచిపట్టుకున్న లంగా నాడాను తీసి, మెహజబీన్ ఇనుప చువ్వకు మూడు చుట్లు చుట్టింది. పళ్లతో లాగి ముడి బిగించింది. చువ్వకు ఇప్పుడొక ప్లాస్టిక్ డబ్బా కదలకుండా నిలబడింది. మొన్నటిదాకా అందులో గోధుమపిండి ఉండేది. దాని ముందువైపు బట్టల కత్తెరతో కోసిన రూపాయి బిళ్లంత కిటికీ, వెనక గాలి ఆడడానికి నాలుగు రంధ్రాలు, పైన ఎండ తగలకుండా తెల్లటి లైనింగు గుడ్డ. లోపల ఫోను.

ఆ ఫోను నాగర్‌కర్నూల్‌లో ఆమె భర్త బాసిత్ నడిపే రిపేరు దుకాణంలోది. తెర సగం పగిలింది, మాట వినపడదు, బ్యాటరీ అరగంట కూడా ఆగదు. కెమెరా మాత్రం చెక్కు చెదరలేదు. "చెత్తల పోయేదే. తీస్కపో," అని బాసిత్ ఇచ్చాడు. ఖాలా ఇంట్లోంచి చార్జరు తీగ లాగి దానికి ప్రాణం పోసింది మెహజబీన్. శనివారం పెట్టి చూస్తే పదకొండింటికే ఎండకు కాగి ఆగిపోయింది. అందుకే లైనింగు గుడ్డ. ఆదివారం గాలికి డబ్బా తిరిగిపోయి, రోజంతా ఖాలా ఆరేసిన ఆకుపచ్చ చీరను తీసింది. మూడు వేల ఫొటోలు, అన్నింటిలోనూ అదే చీర. అందుకే నాడా.

ఇవాళ సోమవారం. రోడ్డుకు అవతల, పునాదుల మీద మొరం మట్టి పోసి చదును చేసిన తమ స్థలంలో ఇవాళే గోడలు మొదలవుతున్నాయి. ఇవాళ ఆగిపోకూడదు.

"బిడ్డా, ఎండకు తలకాయ పగుల్తది, దిగు!" ఖాలా కిందినుంచి అరిచింది. "కోతులొస్తే మాత్రం నాకు తెల్వదు మల్ల!"

మెహజబీన్ రెండు మెట్లకొకసారి గెంతుతూ దిగింది. ముప్పై రెండేళ్ల మనిషి, జాకెట్లు కుట్టి నడుము పట్టేసిన మనిషి, చిన్నపిల్లలా రోడ్డు దాటింది. జంగయ్య మేస్త్రి చెవి మీద పెన్సిలు పెట్టుకొని, నేల మీద దారం లాగి, దాని రెండు కొసలకూ కొయ్య గూటాలు దిగగొట్టిస్తున్నాడు. పొద్దున బయటి గోడ అయితే, మధ్యాహ్నం నుంచి వంటగదికీ హాలుకూ నడుమ గోడ ఈ దారం వెంబడే లేవాలి. ఇంకో తాపీ పనివాడు జయపాల్ ఇటుకలు ఏరుతున్నాడు. సిమెంటు మాలు కలిపే ఇద్దరు నడుములు వంచి పారలు తిప్పుతున్నారు. తట్టలు మోసే సారమ్మ తలమీద చుట్టబట్ట సర్దుకొని, మొదటి తట్ట కోసం వంగింది.

"ఏందమ్మా, పొద్దుగాల్నే మేడెక్కినవ్?" అన్నాడు జంగయ్య.

"వీడియో మేస్త్రీ! పది సెకండ్లకొక ఫొటో దానంతట అదే దీస్తది. పొద్దుమూకినంక అన్నీ కలిపితే, రెండు నిమిషాలల్ల గోడ లేస్తది!"

"రెండు నిమిషాలల్ల గోడ లేస్తే ఇంగ మేమెందుకు?"

అందరూ నవ్వారు. మెహజబీన్ కూడా నవ్వింది. కానీ ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. మిషను ముందు కూర్చొని ఒక జాకెట్టు చంక కుట్టేది, లేచి వచ్చి గోడ ఎంతవరకు వచ్చిందో చూసేది, మళ్లీ వెళ్లేది. అద్దె గది స్థలానికి ఆనుకొనే ఉంది కాబట్టి సరిపోయింది. ఆమెకు తెలియకుండా ఒక ఇటుక కూడా లేవడానికి వీల్లేదు.

ఒంటిగంటకు పనివాళ్లు రేకుల పంచలోకి తిండికి పోయారు. సారమ్మ నాలుగు బుక్కలు తిని లేచి వచ్చి, మధ్యాహ్నానికి కావలసిన ఇటుకల మీద పైపుతో నీళ్లు పట్టసాగింది. ఎండు ఇటుక నీళ్లు తాగకుండా గోడెక్కితే మాలులోని తడి గుంజుకుంటుందని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మెహజబీన్ కాబోయే వంటగది నడుమ నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకొని డాబా మీది డబ్బా వైపు చూసింది. పొయ్యి గట్టు ఇక్కడ వస్తుంది. ఇది ఫొటోలో పడుతుందా? కిటికీ ఇటే తిరిగి ఉందా?

అప్పుడు పిట్టగోడ మీద ఏదో గోధుమ రంగుది కదిలింది.

"హుష్! ఏయ్! హుష్!"

కోతి ఆమె కేకను లెక్కచేయలేదు. పిట్టగోడ మీద తీరుబడిగా నడిచి వచ్చి, లైనింగు గుడ్డ అంచు పట్టుకుంది. మెహజబీన్ పరుగందుకుంది. కాలికేదో తగిలి ముందుకు తూలింది, పడబోయి ఆపుకుంది, ఏమిటా అని కూడా చూడకుండా రోడ్డు దాటింది. మెట్ల మీద చెప్పు తీసి చేత పట్టుకుంది. ఆమె పైకి చేరేసరికి కోతి డబ్బాకు మొహం ఆనించి, కిటికీలోకి తొంగి చూస్తోంది. చెప్పు విసిరింది. అది గుడ్డను గుంజుకొని పక్క చింతచెట్టు మీదికి దూకింది.

ఫోను ఉంది. నాడా పట్టు విడవలేదు. డబ్బా రవ్వంతైనా తిరగలేదు. మెహజబీన్ నవ్వేసింది. తన చున్నీనే తీసి డబ్బాకు చుట్టింది.

ఆ సాయంత్రం వీడియో చూసి ఆమె కూర్చున్నచోటే ఎగిరినంత పని చేసింది. నీడలు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు ఊడ్చుకుపోయాయి. మనుషులు చీమల్లా అటూ ఇటూ ఉరికారు. వాళ్ల మధ్య నుంచి ఎర్రటి గోడ, ఎవరూ కట్టనట్టు, తనంతట తానే నేలలోంచి లేచింది. నడుమ ఒక్క క్షణం తెరంతా నిండేలా కోతి మొహం, రెండు కళ్లూ ఆశ్చర్యంగా తెరుచుకొని. బాసిత్ పడీపడీ నవ్వాడు. ఆ వీడియోను గద్వాలలో ఉన్న ఆడబిడ్డకు, వనపర్తిలో ఉన్న తమ్ముడికి పంపింది. ఇద్దరూ అడిగింది కోతి గురించే.

మర్నాడు పొద్దున పని మొదలయ్యే ముందు పనివాళ్లంతా ఆమె ఫోను చుట్టూ మూగారు.

"అగో నేను! తాపీ పట్టుకున్నది నేనే!"

"నువ్వు తాపీ పట్టుకున్న దానికంటే బీడీ పట్టుకున్నదే శానుంది గదరా జయపాలూ."

"మేస్త్రీ, నీ బట్టతల గూడ మెరుస్తుంది సూడు!"

కోతి రాగానే అందరూ ఒక్కసారిగా అరిచారు. ఆడికే పెట్టు, మళ్లా ఆడికే పెట్టు అని నాలుగుసార్లు కోతినే చూశారు. వాళ్ల వీపుల వెనక సారమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. ఆమెకు తలకాయలు తప్ప ఏమీ కనబడలేదు.

"నువ్వు సూసినవా సారమ్మా?" అని అడిగింది మెహజబీన్.

"సూస్త తియ్యి బిడ్డా. మాలు ఎండుతది," అని ఆమె తట్ట ఎత్తుకుంది.

ఆ మధ్యాహ్నం మూడు గంటలప్పుడు జంగయ్య టేపు పట్టుకొని హాలు కొలిచాడు. ఈ మూల నుంచి ఆ మూలకు ఒకసారి, అటు నుంచి ఇటు ఇంకోసారి. మళ్లీ కొలిచాడు. మూలమట్టం తెచ్చి వంటగది గోడ మొదట్లో ఆనించి, ఒంటికన్ను మూసి చూశాడు. గోడ అప్పటికి నడుమెత్తు లేచింది.

"జయపాలూ, ఇట్రా."

జయపాల్ వచ్చి చూశాడు. "నేను దారం వెంబడే కట్టిన మేస్త్రీ. గుండు ఏసి సూస్కో. గోడ నిలువుల తేడా లేదు."

"నిలువుల లేదు. దారమే జరిగింది. నాలుగు వేళ్లంత లోపలికొచ్చింది. వంటగది ఒక కాడ వెడల్పు, ఒక కాడ సన్నం. చాట లెక్కయ్యింది!" జంగయ్య టేపును వదిలేస్తే అది సర్రున చుట్టుకుంది. "నిన్న బువ్వకు పోయేముందు నేనే సూసిన, గూటం సరిగ్గున్నది. తిని వచ్చినంక ఈ గోడ కట్టుడు మొదలువెట్టినం. నడుమల ఈడ ఎవరున్నరు?"

అందరి కళ్లూ మెల్లగా ఒకవైపే తిరిగాయి.

"సారమ్మా! నువ్వేనా ఇటుకలు తడుపుతుండె?"

"తడిపిన."

"దారం కాడ కాలు పైలం అని నీకెన్నిసార్లు చెప్పిన?"

"నేను తొక్కలే మేస్త్రీ."

"నువ్వు తొక్కకపోతే దయ్యం తొక్కిందా? ఒక్కదానివే ఉన్నవ్! ముప్పై ఏండ్ల సంది తట్ట మోస్తున్న, మోస్తున్న అంటవ్, కండ్లు యాడ పెట్టుకొని మోస్తున్నవ్? ఇంత గోడ ఇప్పాలె ఇప్పుడు. ఇల్లు గలోళ్లకు నేనేం మొఖం పెట్టుకొని చెప్పాలె?"

"నేను తొక్కలే," అని సారమ్మ మళ్లీ అంది. ఆమె గొంతు పెరగలేదు. ఒక్కసారి మెహజబీన్ వైపు చూసింది.

ఆ చూపు సాయం అడుగుతోందని అనుకుంది మెహజబీన్. "పోనియ్ మేస్త్రీ..." అంది.

"నువ్వుండమ్మా. నీకు ఇల్లు సక్కగ కావాలెనా వద్దా? రేపటికెళ్లి నువ్వు రాకు సారమ్మా. వేరేటోళ్లను సూస్కుంట."

సారమ్మ పైపు దగ్గర కాళ్లు కడుక్కుంది. చుట్టబట్ట విప్పి, దులిపి, మడిచి టిఫిను డబ్బా మీద పెట్టుకుంది. తట్టను బోర్లించి గోడకు ఆనించింది. రోజూ పని ముగిసినప్పుడు ఎలా ఆనిస్తుందో అలాగే. తర్వాత రోడ్డు వెంబడి వెళ్లిపోయింది. పారలు మళ్లీ గీరుకోవడం మొదలుపెట్టాయి.

మెహజబీన్‌కు చప్పున తట్టింది. నిన్నటి రోజు మొత్తం తన దగ్గరుంది కదా!

గదిలోకి ఉరికి, మిషను మీది జాకెట్టును పక్కకు తోసి, ఫోను ముందేసుకొని కూర్చుంది. సారమ్మ తొక్కలేదంటే తొక్కలేదు. ఆమె నడక తాను రోజూ చూస్తూనే ఉంది, నీళ్ల బిందెతో నడిచినట్టు నడుస్తుంది. ఇది కచ్చితంగా జయపాల్ పనే అయ్యుంటుంది. తిండి ముగించి అందరికంటే ముందు వచ్చేది వాడే, బీడీ కోసం. ఆ ఫొటో వెతికి మేస్త్రి ముందు పెడితే ఏమంటాడు? ఆ మొహం తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లంతా ఉత్సాహం పొంగింది. వీడియో ఇంతపని చేస్తుందని అనుకోలేదు.

వీడియోలో ఆ భాగం రెప్పపాటులో దాటిపోయింది. దాన్ని వదిలి, నిన్న తన ఫోనులోకి ఎక్కించుకున్న అసలు ఫొటోలు తెరిచింది. ఒంటిగంట. పనివాళ్లు ఒక్కొక్కరే తెర మీంచి మాయమయ్యారు. గూటం సరిగ్గా పిల్లరు అంచుకు ఎదురుగా ఉంది. వేళ్లతో సాగదీసి చూసింది. తర్వాతి ఫొటో. తర్వాతిది. సారమ్మ వచ్చింది. ఇటుకల కుప్ప దగ్గర నిలబడింది. గూటానికి పది అడుగుల దూరం. ఇరవై ఫొటోలు, ముప్పై ఫొటోలు, ఆమె ఆ కుప్ప దగ్గరే. పైపు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది, అంతే. గూటం అక్కడే ఉంది.

"సెప్పిన గద, సెప్పిన గద," అని మెహజబీన్ తనలో తాను గొణుక్కుంది.

తర్వాతి ఫొటోలో ఇంకొకరున్నారు. నీలం కమీజు. చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకొని కెమెరా వైపే చూస్తోంది. ఎవరో గుర్తుపట్టడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది.

తర్వాతి ఫొటోలో నీలం కమీజు ముందుకు తూలిపోయి ఉంది. రెండు చేతులూ గాలిలో. కుడికాలు వెనక, గూటం మీద.

తర్వాతి ఫొటో నిండా కోతి మొహం.

దాని తర్వాత, కోతి వెళ్లిపోయాక, గూటం పిల్లరు అంచుకు ఎదురుగా లేదు. మెత్తటి మొరంలో నాలుగు వేళ్లు లోపలికి జరిగి, ఏమీ ఎరగనట్టు నిటారుగానే నిలబడి ఉంది. దారం కూడా బిర్రుగానే ఉంది.

పొద్దుట్నుంచి ఇంతమంది ఇన్నిసార్లు చూశారు. కోతి కోసం ఆపారు, వెనక్కి తిప్పారు, నవ్వారు. కోతికి ముందున్న ఆ ఒక్క ఫొటోను ఎవరూ చూడలేదు. తానూ చూడలేదు. అక్కడ ఎవరున్నారని మేస్త్రి అడిగినప్పుడు, నేనూ ఉన్నానని తనకు గుర్తైనా రాలేదు.

బాసిత్ వచ్చేసరికి ఏడైంది. టీ ఇచ్చి, ఏమీ చెప్పకుండా ఫొటో చూపించింది. అతను గ్లాసు కింద పెట్టి, చాలాసేపు చూశాడు.

"మన ఇల్లు, మన కాలు. మన గూటానికే తగిలింది. దీంట్ల నేరమేముంది?"

"సారమ్మను తరిమిండు."

"రేపు మేస్త్రికి చెప్పి పిలిపియ్యి. ఇల్లు గలామె చెప్తే కాదంటడా? ఆమె పని ఆమెకొస్తది. ఈ ఒక్క ఫొటో తీసేస్తే అయిపాయె. నువ్వు అంతమంది ముంగట బైటపడుడెందుకు?"

అతను చెడ్డమాట ఏమీ అనలేదు. ఆ మాట నిజమే కూడా. వేలితో ఒక్కసారి తాకితే చాలు. మూడు వేలలో ఒకటి పోయిందని ఎవరికి తెలుస్తుంది? మెహజబీన్ బొటనవేలు ఆ ఫొటో మీద కాసేపు ఆగింది.

"పిలిస్తే వస్తది," అంది చివరికి. "కానీ తప్పు ఆమె మీదనే ఉంటది గద."

బాసిత్ గ్లాసు మళ్లీ అందుకున్నాడు.

బుధవారం ఏడున్నరకే డాబా ఎక్కి ఫోను పెట్టింది. నాడా బిగించి, నేరుగా చర్చి వెనక వాడకు నడిచింది. సారమ్మ గడపలో కూర్చొని, సద్ది గిన్నె మూట కడుతోంది. పక్కన ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఆమె కోసం ఎదురుచూస్తున్నారు.

"పల్లికాయ తెంపనీకి పోతున్న," అంది సారమ్మ, మెహజబీన్‌ను చూసి లేస్తూ. "ఏంది బిడ్డా, ఇంత పొద్దుగాల?"

మెహజబీన్ దారి పొడవునా కూడగట్టుకున్న మాటలు గడప దగ్గరే జారిపోయాయి. "నిన్న నీకు వీడియో చూపియ్యలే," అంది. ఫోను ఆమె చేతిలో పెట్టి, పక్కనే గడప మీద కూర్చుంది.

సారమ్మ ఫోనును రెండు చేతులతో, నిండు గిన్నెను పట్టుకున్నట్టు పట్టుకుంది. కాసేపు ఆమెకేమీ అర్థం కాలేదు. తర్వాత కళ్లు పెద్దవయ్యాయి.

"ఇది నేనా?"

"నువ్వే."

"అవ్వో! గింత ఉరుకుతున్ననా నేను? సూడుండ్రే, సూడుండ్రి, కోడిపిల్ల లెక్క ఉరుకుతున్న!" పక్కనున్న ఆడవాళ్లు వంగి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "నేను పోయినప్పుడల్లా గోడ ఎత్తవుతుంది సూడు. నేను పోతున్న, ఒక వరస. మల్ల పోతున్న, ఇంకో వరస. ఇంకోపారి పెట్టు బిడ్డా."

ఇంకోసారి పెట్టింది. మూడోసారి కూడా.

"ఎన్ని ఇండ్లకు మోసిన్నో లెక్క లేదు," అంది సారమ్మ, తెర మీంచి కళ్లు తీయకుండా. "ఇంట్లకు పోయేనాడు పిలుస్తరు, బువ్వ పెడ్తరు. ఆడ ఫొటోలు దిగుతరు. ఆ ఫొటోలల్ల మేమేడుంటం? ఇదే మొదలు సూసుకునుడు."

మెహజబీన్ ఫోను తీసుకొని, ఆ ఫొటో తెరిచి, మళ్లీ ఇచ్చింది. "దారం జరిపింది నేను," అంది. "నాకు తెల్వదు. నిన్న సూసిన్నంక తెలిసింది. కోతి కోసం ఉరుకుతుంటే కాలు తగిలింది."

సారమ్మ ఫొటో వైపు ఒక్కసారే చూసింది. ఆశ్చర్యపోలేదు.

"నేను సూసిన బిడ్డా."

"ఏంది?"

"నీ కాలు తట్టుకునుడు సూసిన. అప్పుడు గూటం జరిగిందని నాకూ తెల్వదు. నిన్న మేస్త్రి దారం జరిగిందనంగనే సమజైంది."

"మరి చెప్పకపోతివి?"

"ఎట్ల జెప్పాలె?" సారమ్మ సద్ది మూట ముడిని మళ్లీ విప్పి, మళ్లీ కట్టింది. "ఇల్లు గలామె తన్నింది, నేను గాదు అని కూలిది చెప్తే ఎవలు నమ్ముతరు? తప్పించుకోనీకి నీ మీదేసిన్నంటరు. నీ దిక్కు సూసిన. నువ్వేమన్న అంటవేమోనని. నీకు యాదికి రాలే."

మెహజబీన్ తల దించుకుంది. లేచి నిలబడింది. "నాతో రా. నేను చెప్త."

"వాడు పిలువలే గద?"

"గోడ నాది. నేను పిలుస్తున్న."

సారమ్మ ఆ ఇద్దరు ఆడవాళ్ల వైపు చూసింది. వాళ్లలో ఒకామె, "పోవే, పో. పల్లికాయ ఏడికి పోతది?" అంది.

వాళ్లు వచ్చేసరికి జంగయ్య గడ్డపార ఎత్తి, గోడ పైవరుసలో మొదటి ఇటుకను పెళ్లగించబోతున్నాడు. సారమ్మను చూసి కనుబొమలు ముడిచాడు.

"ఆగు మేస్త్రీ," అంది మెహజబీన్. నడిచి నడిచి ఆయాసం వస్తోంది. "దీన్ని చూడు."

జంగయ్య చెయ్యి లుంగీకి తుడుచుకొని ఫోను అందుకున్నాడు. వేళ్లతో పెద్దది చేశాడు. జయపాల్ భుజం మీంచి తొంగి చూశాడు. మాలు కలిపేవాళ్లు కూడా పారలు పట్టుకొనే వచ్చి నిలబడ్డారు.

"ఇది నువ్వేనా అమ్మా?"

"నేనే. నా కాలే తగిలింది. సారమ్మ ఇటుకల కాడనే ఉన్నది. అన్ని ఫొటోలున్నయి, సూస్కో."

జంగయ్య మొహం విప్పారింది. హాయిగా నవ్వాడు. "అరె, ఇంత దానికి పరేషానెందుకమ్మా! తొందరల కాలు తగుల్తది. ఎవలికైన తగుల్తది. పొద్దెక్కేలోపల ఇప్పి మల్ల కట్టేస్తం, నువ్వేం ఫికర్ జేయకు."

ఫోను తిరిగి ఇచ్చేశాడు. మెహజబీన్ గుండెల మీంచి బరువు దిగింది. అయిపోయింది, ఇంత సులువుగా! మరుక్షణమే ఆ సులువు ఆమెకు ఎక్కడో ముల్లులా గుచ్చుకుంది.

సారమ్మ సద్ది మూటను ఇటుకల కుప్ప మీద పెట్టింది. తట్ట కోసం వంగలేదు.

"మేస్త్రీ," అంది. ఆమె గొంతు నిన్నటిలాగే పెరగలేదు. "ఎవలికైన తగుల్తదని నిన్న నాకెందుకు అనకపోతివి?"

అంతా ఆగిపోయింది. జయపాల్ బీడీ వెలిగించబోయిన అగ్గిపుల్ల వేళ్ల దగ్గరికి కాలి ఆరిపోయింది. పైపులోంచి నీళ్లు కారిపోతున్నాయి, ఎవరూ కట్టేయడం లేదు. జంగయ్య చెవి మీది పెన్సిలు తీసి, దాని మొన చూసి, మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు. సారమ్మ కదలకుండా నిలబడింది, జవాబు వచ్చేదాకా తనకు వేరే పని లేనట్టు. మెహజబీన్‌కు ఏదో ఒకటి అని ఈ మౌనాన్ని పూడ్చాలనిపించింది. పోనియ్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. నిన్న ఆ మాటే అంది.

చాలాసేపటికి జంగయ్య గొంతు సవరించుకున్నాడు. గోడ వైపు చూస్తూ అన్నాడు. "నోరు జారిన, సారక్కా."

సారమ్మ ఇంకా తట్ట కోసం వంగలేదు.

"అందరి ముంగట జారిన గద," అన్నాడు. ఈసారి ఆమె వైపు తిరిగాడు. "అందరి ముంగటనే అంటున్న. నీది తప్పు లేదు."

సారమ్మ తల ఊపింది. "సరే," అంది. "ఆ పైపు బందు చెయ్యుండ్రి. మొరం కుంగుతది."

ముగ్గురు ఒక్కసారిగా పైపు వైపు ఉరికారు.

ఆ తర్వాత ఆ స్థలంలో జరిగిన పని మెహజబీన్ మునుపు చూడలేదు. గడ్డపార పడుతుంటే, ఇంకా పచ్చిగానే ఉన్న మాలు సులువుగా ఊడి వచ్చింది. ఇటుకలు దాదాపు అన్నీ చెదరకుండా దక్కాయి. సారమ్మ ఒక్కో ఇటుకకు అంటిన మాలును అంచుతో గీకి, దొంతర పెట్టింది. ఒంటిగంటలోపే నేల ఖాళీ అయింది. జంగయ్య కొత్త గూటం దిగగొట్టాడు. దారం ఒక కొస తాను పట్టుకొని, రెండో కొసను సారమ్మకు అందించాడు. ఆమె ఒంటికన్ను మూసి చూసి, "జర ఇటు, ఇంకొంచెం, ఆ, ఆడ!" అంది. ఇవాళ తిండికి కూడా ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేదు. మెహజబీన్ జాకెట్లన్నీ వదిలేసి, తానూ ఒక తట్ట ఎత్తింది. నాలుగో తట్టకు ఆమె మెడ పక్కకు వాలింది.

"అడ్డం రాకు బిడ్డా," అంది సారమ్మ తట్ట లాక్కుంటూ. "నువ్వు నడుస్తుంటే గూటాలన్నీ భయపడ్తున్నయి."

జంగయ్య ఎంత నవ్వాడంటే తాపీ మీది మాలు కింద పడింది. అయిదున్నరకు మూలమట్టం పెట్టి చూస్తే గోడ గీత గీసినట్టుంది, ఎత్తు నిన్నటి కంటే రెండు వరసలు ఎక్కువే.

బాసిత్ ఇంటికొచ్చేసరికి మెహజబీన్ వీడియో కలిపి, అతని కోసమే ఆపి ఉంచింది. ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చొని చూశారు. పొద్దున వెలుగు పరుచుకుంది. మనుషులు చీమల్లా వచ్చారు. ఉరుకుతున్నవాళ్లు ఉరుకుతున్నట్టే సుమారు అర సెకనుపాటు అంతా నిలిచిపోయింది. మళ్లీ కదిలింది. నిలబడి ఉన్న గోడ వరసలు వరసలుగా నేలలోకి దిగిపోయింది, నేల ఖాళీ అయింది, కొంచెం పక్కన ఇంకో గోడ సరసరా పైకి లేచింది.

"వారెవ్వా!" అన్నాడు బాసిత్. "కూలుడు, లేసుడు, రెండూ ఒక్కదాంట్లనే! ఇది అందరికి పంపాలె." వెనక్కి తిప్పాడు. "మొదట్ల ఈడ జర అటకైంది సూడు. ఫోను హ్యాంగయినట్టుంది. ఆ ముక్క కోస్తే సాఫీగ అయితది."

"హ్యాంగ్ కాలే. అందరం నిలబడ్డం. ఉండనీ."

ఆమె అక్కడికి తెచ్చి ఆపింది. మిగతా రెండు నిమిషాల్లో ఎవరి మొహమూ ఆనదు, అన్నీ గీతలూ నీడలే. అక్కడ మాత్రం ఆరుగురూ ఎవరికి వారు తేటగా కనబడుతున్నారు. గోడ పక్కన గడ్డపారతో మేస్త్రి, చేతిలో ఫోనుతో మళ్లీ అదే నీలం కమీజు, పారలు ఆనుకొని ఇద్దరు, వేళ్లు విదిలించుకుంటూ జయపాల్. అందరూ ఒక మనిషి వైపే తిరిగి ఉన్నారు. ఆమె ఇటుకల కుప్ప పక్కన, రెండు చేతులూ ఖాళీగా వదిలేసి, నిటారుగా నిలబడి ఉంది.

బాసిత్ తెర దగ్గరికి వంగాడు. "ఈమెనేనా సారమ్మ?"

"సారక్క," అంది మెహజబీన్.